అత్తయ్యగారితో, పిల్లలతో వేల్స్ పలకరాతి గని చూడటానికి వెళ్ళొచ్చా? వెళ్ళొచ్చినవాళ్ళు చెప్పండి

లీడ్స్ కోడలు | మంగళవారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. మా అత్తయ్యగారు మార్కాపురం నుంచి వచ్చి రెండు నెలలైంది. లండన్ చూపించాం, లేక్ డిస్ట్రిక్ట్ చూపించాం. ఏది చూపించినా "బాగుందమ్మా" అంటారు, అంతే. మొన్న పక్కింటి పైకప్పు బాగుచేస్తుంటే పెంకు ముక్క ఒకటి మా వైపు పడింది. అది తీసి, మట్టి తుడిచి, వేలి కణుపుతో కొట్టి చూసి "ఇది మన పలకరాయే కదే!" అన్నారు. వచ్చిన దగ్గర్నుంచి ఆవిడ మొహంలో అంత వెలుగు నేను చూడలేదు. ఆవిడ వయసులో ఉన్నప్పుడు ఏడెనిమిదేళ్ళు అక్కడి పలకల కార్ఖానాలో చెక్క ఫ్రేములు బిగించే పని చేశారు.

ఇక్కడి ఇళ్ళ మీది పెంకులు చాలావరకు వేల్స్ రాయి అని మావారు చెప్పారు. పాత గనిలోకి జనాన్ని తీసుకెళ్ళి చూపిస్తారట. వచ్చే వారం పిల్లలకు సెలవులు. బాబుకి ఆరు, పాపకి పదకొండు. నా టెన్షన్ ఏంటంటే అత్తయ్యగారికి మోకాళ్ళ నొప్పులు, బాబుకి చీకటంటే భయం. పైగా వారమంతా వానే అంటున్నారు. లీడ్స్ నుంచి పొద్దున వెళ్ళి రాత్రికి వచ్చేయగలమా?

వేల్స్ వాన | మంగళవారం, రాత్రి 10:25

నమస్తే అండి. పన్నెండేళ్ళుగా వేల్స్‌లోని కాన్వీలో ఉంటున్నాం. ఇండియా నుంచి ఎవరొచ్చినా ఒకసారి అక్కడికి తీసుకెళ్తాను.

మీరు వెళ్ళాల్సింది బ్లైనై ఫెస్టినియోగ్ అనే ఊరు. అక్కడి గని పేరు లెక్‌వెద్. (వేల్స్ భాషలో మొదటి అక్షరం పలకడానికి మన తెలుగులో అక్షరం లేదు. నాలుక "ల" దగ్గర పెట్టి గాలి ఊదాలి. పిల్లలకి చెప్పండి, దారంతా అదే ఆడుకుంటారు.) 1846లో గ్రీవ్స్ అనే ఆయన అక్కడ రాయి కోసం తవ్వడం మొదలుపెట్టాడు. 1972 నుంచి సందర్శకుల్ని లోపలికి తీసుకెళ్తున్నారు. తాడుతో లాగే చిన్న రైల్లో కూర్చోబెట్టి ఏటవాలుగా కిందికి దింపుతారు. మెట్లు దిగినట్టే ఉంటుంది ఆ వాలు. పైనుంచి లెక్కేస్తే 500 అడుగుల లోతుకి వెళ్తారు.

వాన గురించి బెంగ వద్దు. బ్లైనైలో వాన లేని రోజు కోసం చూస్తే ఎప్పటికీ వెళ్ళలేరు. గని లోపల వానాకాలమైనా ఎండాకాలమైనా ఒకటే చలి, 10 డిగ్రీలకు అటూ ఇటూ. అత్తయ్యగారికి స్వెట్టర్ మీద కోటు, మందపాటి సాక్సులు, జారని బూట్లు ఉండాలి. చీర కడితే కుచ్చిళ్ళు కాస్త ఎత్తి కట్టుకోమనండి, నేల తడిగా ఉంటుంది. తలకి హెల్మెట్ వాళ్ళే ఇస్తారు. రైలు దిగాక నడవాలి, మెట్లు కూడా ఉంటాయి. మోకాళ్ళ సంగతి ముందే ఫోన్ చేసి చెప్పండి, ఆ రోజు ఏ దారిలో తీసుకెళ్తారో వాళ్ళే చెప్తారు. పిల్లల వయసు నిబంధన కూడా అప్పుడే అడిగేయండి.

లీడ్స్ నుంచి కారులో మూడు గంటలు పైనే పడుతుంది. ఒక్క రోజులో అయ్యే పనే, కానీ పెద్దావిడ ఉన్నారు కాబట్టి ఒక రాత్రి ఉండండి.

జిప్ జాగ్ | మంగళవారం, రాత్రి 10:52

మేం పోయినేడాది వెళ్ళాం. గని టూర్‌కి వెళ్ళలేదు, పిల్లలకి అక్కడే ఉన్న వలలు బాగా నచ్చాయి. పాత గని గదుల్లో ఈ గోడ నుంచి ఆ గోడకి పెద్ద పెద్ద వలలు కట్టారు, వాటి మీద ఎగురుతూ జారుతూ ఆడుకోవచ్చు. జిప్ లైన్లూ ఉన్నాయి. ఆరేళ్ళ బాబుకి చరిత్ర చెప్తే ఏం వింటాడు? దానికే టిక్కెట్లు తీసుకోండి.

బాయి బిడ్డ | బుధవారం, ఉదయం 6:15

మాది గోదావరిఖని. మా నాన్న సింగరేణిలో ముప్పై ఏళ్ళకు పైన బాయి దిగిండు. తట్టా చెమ్మస్ (బొగ్గు ఎత్తే పార) పట్టిన మనిషి. ఆరేళ్ళ పిల్లగాడు వింటడా అని అడుగుతున్నరు. నేను ఆరేళ్ళప్పుడు మా నాన్న టోపీ లైటు పెట్టుకుని ఇల్లంతా తిరిగేవాణ్ణి. చెప్పేవాళ్ళు చెప్తే వింటరు.

నాకో అనుమానం. బొగ్గుబాయిలో గ్యాస్ ఉంటది. అగ్గిపెట్టె, బీడీలు ఉన్నాయేమోనని జేబులు తడిమి చూసి గానీ లోపలికి పంపరు. ఈ పలకరాయి గనుల్లో పాతకాలంలో దీపం ఏం వాడేవాళ్ళు? కప్పు ఎట్ల ఆగేది?

రాళ్ళ మాస్టారు | బుధవారం, ఉదయం 8:05

మంచి ప్రశ్న. బొగ్గు అంటే ఒకప్పటి చెట్టూ చేమా, అందుకే అందులో మీథేన్ పుడుతుంది. పలకరాయి అలా కాదు. సముద్రం అడుగున పేరుకున్న సన్నటి బురద నేల ఒత్తిడికి, వేడికి గట్టిపడి పొరలు తీరింది. బ్లైనై రాయి వయసు 45 కోట్ల ఏళ్ళకు పైమాటే. అందులో మండే గ్యాస్ ఉండదు కాబట్టి కొవ్వొత్తి వెలుగులోనే పనిచేసేవాళ్ళు. ఆ కొవ్వొత్తి కూడా కూలీ తన డబ్బుతోనే కొనుక్కోవాలి. పేల్చే మందు కూడా అంతే.

కప్పు సంగతి. వేల్స్‌లోనే ఉన్న పెన్రిన్, డినోర్విగ్ అనే పలకరాతి గనుల్లో కొండని పైనుంచే మెట్లు మెట్లుగా కోశారు. బ్లైనైలో రాతిపొర దాదాపు 30 డిగ్రీల వాలుతో కొండ లోపలికి దిగిపోతుంది, దాని మీద పనికిరాని రాయి కొండంత ఉంది. అందుకే పొర వెంటే లోపలికి పోయారు. ఒక గది తవ్వి, పక్కన మందపాటి రాతి గోడ వదిలేసి, మళ్ళీ గది. దాని కింద ఇంకో అంతస్తు. లెక్‌వెద్‌లో అలా 16 అంతస్తులు ఉన్నాయంటారు. సింగరేణిలో బొగ్గు తీసుకుంటూ వెనక్కొచ్చేటప్పుడు పిల్లర్లు కూడా తీసేసి, ఖాళీలో ఇసుక నింపుతారు లేదా కప్పు కూలనిస్తారు కదా. ఇక్కడ గోడలు అలాగే ఉంచేశారు కాబట్టే ఈ రోజు మనం లోపలికి వెళ్ళి తలెత్తి చూడగలుగుతున్నాం.

కోడలుగారూ, టూర్‌లో ఒకటి మాత్రం అడగండి. రాయి పగలగొట్టే మనిషి ఆ వాలు గోడ మీద ఎలా నిలబడేవాడు అని. పైన మేకుకి కట్టిన గొలుసుని తొడకి చుట్టుకుని వేలాడుతూ, పొడుగాటి ఇనప కడ్డీతో రాతికి బెజ్జం పొడిచేవాడు. ఒక్క బెజ్జానికే గంటలు పట్టేది.

బాయి బిడ్డ | బుధవారం, ఉదయం 8:30

తొడకి గొలుసా! ఇది మా నాన్నకి ఫోన్ చేసి చెప్తా.

డాక్టరమ్మ | బుధవారం, మధ్యాహ్నం 1:10

నేను వేల్స్‌లోని బాంగర్‌లో కొన్నేళ్ళు పనిచేశాను. టూర్‌లో ఇది ఎంతవరకు చెప్తారో గానీ, పిల్లలతో వెళ్ళే తల్లిదండ్రులు తెలుసుకుని వెళ్ళాలి. పలకరాతి దుమ్ములో సిలికా ఉంటుంది. మెషిన్లతో బెజ్జాలు వేయడం, రంపాలతో కోయడం వచ్చాక దుమ్ము ఇంకా పెరిగింది. ఊపిరితిత్తులు రాయిలా గట్టిపడిపోయి ఎంతోమంది ఆయాసంతోనే పోయారు. అప్పట్లో గని యజమానుల తరపు డాక్టర్లు తప్పు దుమ్ముది కాదని వాదించారు, కార్మికులు ఎక్కువసేపు మరిగించిన టీ తాగడమే కారణమన్నారు. ఒక డాక్టరుగా ఆ మాట తలుచుకుంటే నాకు ఇప్పటికీ కోపం వస్తుంది. నష్టపరిహారం ఇచ్చే చట్టం వచ్చింది 1979లో. డినోర్విగ్ మూతపడి అప్పటికే పదేళ్ళు.

టూర్‌కి వెళ్ళేవాళ్ళకి ఆ భయం అక్కర్లేదు, లోపల ఇప్పుడు తవ్వకం లేదు. పెద్దావిడ మోకాళ్ళకి క్యాప్ వేసుకుని, చేతికర్ర పట్టుకోమనండి. దిగేటప్పుడే నొప్పి ఎక్కువ ఉంటుంది, ఎక్కేటప్పుడు కాదు.

పాత లెక్క | బుధవారం, సాయంత్రం 5:45

నేను కాస్త వేరేగా చెప్తాను, ఎవరూ ఏమనుకోవద్దు. ఈ ప్రాంతాన్ని యునెస్కో 2021లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. మంచిదే. కానీ ఇక్కడి గనుల్లో కొన్నిటి వెనక డబ్బు ఎక్కడిది? పెన్రిన్ గనిని పెద్దది చేసిన రిచర్డ్ పెన్నంట్‌కి జమైకాలో చెరకు తోటలు, వాటిలో బానిసలు ఉండేవాళ్ళు. ఆ డబ్బే ఇక్కడి కొండల్లో పెట్టుబడి అయింది. అదే పెన్రిన్ గనిలో 1900 నవంబర్‌లో కార్మికుల సమ్మెతో పని ఆగింది, ఆ సమ్మె మూడేళ్ళు సాగింది. గని పక్కనే ఉన్న బెథెస్డా ఊళ్ళో పనికి వెళ్ళని వాళ్ళు కిటికీల్లో అట్టముక్కలు పెట్టారు, వేల్స్ భాషలో "ఈ ఇంట్లో ద్రోహి లేడు" అని రాసి. పనికి వెళ్ళినవాడి కిటికీలో ఆ అట్ట ఉండదు. ఒకే వీధి, ఒకే చర్చి, అన్నదమ్ముల ఇళ్ళు. ఆ చీలిక తరతరాలు పోలేదు.

వలల మీద ఎగరొద్దని నేను అనడం లేదు. కానీ పదకొండేళ్ళ పాప ఉంది కదా, ఆ అమ్మాయికి ఈ కథ చెప్పండి. అర్థం చేసుకునే వయసే.

జిప్ జాగ్ | బుధవారం, సాయంత్రం 6:20

ఇవేవీ నాకు తెలియవు అన్నా. మేం టూర్ మానేసి వలల దగ్గరే రోజంతా గడిపేశాం. ఈసారి వెళ్తే ముందు గని చూస్తాం.

రైలుబండి | బుధవారం, రాత్రి 8:00

కారు వద్దనుకుంటే లాండుడ్నో జంక్షన్ నుంచి బ్లైనైకి రైలుంది. గంట ప్రయాణం, రోజుకి కొన్ని బళ్ళే కాబట్టి టైము చూసుకోండి. చివర్లో రెండు మైళ్ళ పైన పొడవున్న సొరంగం వస్తుంది. అందులోంచి బయటపడగానే రెండు పక్కలా రాతిముక్కల గుట్టలు, ఇళ్ళ వెనకే, ఇళ్ళ కంటే ఎత్తు. టన్ను పెంకులు తయారైతే పది టన్నుల రాయి వృథా అయ్యేదట. ఎరీరి (స్నోడోనియా) నేషనల్ పార్క్ గీతలు గీసినప్పుడు ఈ గుట్టల వల్లే బ్లైనైని వదిలేశారు. మ్యాపులో చూడండి, పార్కు మధ్యలో ఊరు ఒక్కటే బొక్కలా ఉంటుంది.

ఇంకో రైలుంది, నాకు ప్రాణం అది. బ్లైనై నుంచి పోర్ట్‌మాడోగ్ రేవుకి 13 మైళ్ళ చిల్లర. 1836లో వేశారు, పట్టాల మధ్య వెడల్పు రెండడుగులు కూడా లేదు. మొదట్లో ఇంజన్ లేదు. పలకలు నింపిన బళ్ళు వాలు మీద వాటంతటవే రేవు దాకా దొర్లుకుంటూ పోయేవి. ఖాళీ బళ్ళని పైకి లాగడానికి గుర్రాలు. మరి దిగేటప్పుడు ఆ గుర్రాలు? వాటికి వెనక ఒక బండి, అందులో నిలబడి గడ్డి తింటూ వెళ్ళేవి. బాబుకి ఈ ముక్క చెప్పండి. ఆవిరి ఇంజన్లు 1863లో వచ్చాయి, ఇప్పటికీ ఎక్కొచ్చు.

లాన్‌బెరిస్‌లోని పలకరాతి మ్యూజియాన్ని మరమ్మతుల కోసం 2024 నవంబర్‌లో మూశారు. వెళ్ళే ముందు తెరిచారో లేదో చూసుకోండి. 50 అడుగుల ఇనప నీటిచక్రం ఉందక్కడ.

లీడ్స్ కోడలు | బుధవారం, రాత్రి 10:15

అందరికీ ఎంత థాంక్స్ చెప్పినా తక్కువే. శుక్రవారం వెళ్ళి శనివారం వస్తున్నాం. మీ పోస్టులన్నీ అత్తయ్యగారికి చదివి వినిపించాను. గొలుసు సంగతి దగ్గర ఆపి, మళ్ళీ చదవమన్నారు.

లీడ్స్ కోడలు | ఆదివారం, మధ్యాహ్నం 3:30

వెళ్ళొచ్చాం! కాస్త పెద్ద పోస్టు, ఓపికగా చదవండి.

ముందు చిన్న ఇబ్బంది. మేం టిక్కెట్లు కొన్నది మధ్యలో ఉన్న ఒక వెబ్‌సైట్‌లో. వాళ్ళు మాకు పంపిన టైము తప్పు. గని దగ్గరవాళ్ళు మంచివాళ్ళు, తర్వాతి బ్యాచ్‌లో కూర్చోబెట్టారు. మీరు మాత్రం నేరుగా గనివాళ్ళ దగ్గరే కొనండి.

వాన సంగతి చెప్పక్కర్లేదు. ఊరంతా తడిసిన రాయి రంగే. గోడలు, కప్పులు, కంచెలు కూడా పలకరాతివే, నిలువుగా పాతి తీగతో కట్టేశారు. అత్తయ్యగారు కారు అద్దం దించి, వాన లోపలికొస్తున్నా చూస్తూనే ఉన్నారు. "ఇంత రాయి పారబోశారా" అన్నారు ఆ గుట్టలు చూసి. మార్కాపురంలో చిన్న ముక్క కూడా ఏదో ఒక సైజుకి వచ్చేదట.

రైలు దిగుతుంటే బాబు నా చెయ్యి వదల్లేదు. పాప ముందు సీట్లో. లోపల గదులు ఎంత పెద్దవంటే, మా ఊరి గుడి గోపురం నిలువునా పట్టేస్తుంది. గోడల మీద లైట్లతో బొమ్మలు వేసి కథ చెప్తారు. ఒక చోట నీళ్ళు నిలిచి చెరువులా ఉంది, అలలే లేవు, కప్పు అందులో అద్దంలో కనబడినట్టు కనబడింది. నడకలో అత్తయ్యగారు రెండు చోట్ల ఆగారు, ఎవరూ తొందర పెట్టలేదు. డాక్టరమ్మగారూ, చేతికర్ర మాట మీరన్నది నూటికి నూరు పాళ్ళు నిజం, దిగేటప్పుడే అవసరమైంది.

ఒక గదిలో గైడ్ లైట్లన్నీ తీసేసి ఒక్క కొవ్వొత్తి వెలుగంత ఉంచాడు. తర్వాత అదీ తీసేశాడు. నా చెయ్యి నాకే కనిపించలేదు. బాబు ఏడుస్తాడనుకున్నాను. అత్తయ్యగారు వాణ్ణి దగ్గరికి లాక్కుని "కళ్ళు మూసుకో నాన్నా, ఇప్పుడు చీకటి నీది" అన్నారు. వాడు మూసుకున్నాడు. లైట్లు వచ్చాక కూడా కాసేపు అలాగే మూసుకుని ఉన్నాడు.

భోజనాల గది చూపించారు, కబాన్ అంటారట. నాలుగు బల్లలు, ఒక పొయ్యి. అరగంట భోజనంలోనే రాజకీయాల మీద వాదనలు, పాటల పోటీలు, పద్యాలు చదవడాలు, అన్నీ పద్ధతిగా ఒక అధ్యక్షుణ్ణి పెట్టుకుని. పాప అడిగింది, "వాళ్ళకి నెలకి జీతం ఎంత?" అని. జీతం కాదట, బేరం. నలుగురు జట్టు. ఇద్దరు లోపల రాయి తీస్తారు, ఒకరు పొరలు చీలుస్తారు, ఒకరు అంచులు చెక్కుతారు. ప్రతి నెలా మేస్త్రీ వచ్చి వాళ్ళ వంతు రాయి చూసి రేటు కడతాడు. రాయి బాగుంటే రేటు తక్కువ, బాగాలేకపోతే ఎక్కువ. ఆ మేస్త్రీకి కోపం వస్తే నెలంతా పస్తులే. అక్కడ మా పాప "పాత లెక్క" అంకుల్ చెప్పిన కిటికీ అట్టల కథ గైడ్‌కి చెప్పింది. ఆయన ఆశ్చర్యపోయి, ఆ వాక్యం వేల్స్ భాషలో పలికి వినిపించాడు.

అసలు సంగతి పైకి వచ్చాక. షెడ్డులో ఒకాయన రాయి చీల్చి చూపిస్తాడు. తక్కువ ఎత్తు పీట మీద కూర్చుని, దిమ్మని తొడకి ఆనించుకుని, వెడల్పు పదును ఉన్న ఉలిని అంచు మీద పెట్టి కొయ్య సుత్తితో మెల్లగా రెండు దెబ్బలు. పుస్తకం తెరుచుకున్నట్టు రెండుగా విడిపోయింది. ఆ సగాన్ని మళ్ళీ సగం. మళ్ళీ సగం. ఎప్పుడూ మధ్యకే, పక్కనుంచి పొర తీయబోతే విరిగిపోతుందట. మా బాబు నోరు తెరిచి చూశాడు.

అత్తయ్యగారు నన్ను గిల్లి, "పచ్చి మీదే చీలుస్తారా అడుగు" అన్నారు. అడిగాను. ఆయన సుత్తి కింద పెట్టేసి ఆవిడ వైపు చూశాడు. అవునట, గనిలోంచి వచ్చిన తడి ఆరిపోకముందే చీల్చాలట, ఆరితే మొండికేస్తుందట. తర్వాత ఆయన రెండు పెంకులు ఆవిడ చేతికిచ్చాడు, ఏమీ చెప్పకుండానే. ఆవిడ ఒకదాన్ని వేళ్ళ కొసన వేలాడదీసి కణుపుతో కొట్టారు. కంచు గిన్నెలా ఖంగుమంది. రెండోది కొడితే డొల్లగా పలికింది. "ఇందులో పగులుంది, కంటికి కనబడదు" అన్నారు. నేను ఇంగ్లీషులో చెప్పాను. ఆయన నవ్వి, ఆ పెంకుని అంచు దగ్గర వంచితే రెండు ముక్కలైంది. కావాలనే పగులుది ఇచ్చి చూశాడన్నమాట.

పెంకుల సైజులకి రాణివాసం పేర్లట. 24 అంగుళాలకి 12 అయితే డచెస్, 20కి 10 అయితే కౌంటెస్, 16కి 8 అయితే లేడీ. "మాకు అంగుళాలే, పేర్లెవరు పెడతారు" అన్నారు అత్తయ్యగారు. తిరుగు దారిలో మాత్రం కార్ఖానా కబుర్లు ఆగలేదు. రోజుకి ఎన్ని ఫ్రేములు బిగించేవారో, చెక్క పుల్ల గుచ్చుకుంటే ఏం చేసేవారో, కోత మెషిన్ దగ్గర చేసినవాళ్ళు జుట్టంతా బూడిద రంగుతో ఎలా వచ్చేవారో. మావారికి కూడా ఇవి కొత్త. నలభై రెండేళ్ళ మనిషి, అమ్మని ఎప్పుడూ అడగలేదట.

మార్కాపురం పలక | ఆదివారం, సాయంత్రం 4:50

ఇప్పుడే ఈ చర్చ చూశాను. నాది ఆ ఊరే అక్కా. మా వీధిలో పొద్దున్నే పలకలు కోసే చప్పుడుతోనే నిద్రలేచేవాళ్ళం. అమ్మగారికి నా నమస్కారాలు చెప్పండి. నోటు పుస్తకాలు, ప్లాస్టిక్ పలకలు వచ్చాక చాలా కార్ఖానాలు మూతపడ్డాయి. ఇప్పుడు గోడలకి, నేలకి వేసే రాయి ఎక్కువ పోతోంది.

రాళ్ళ మాస్టారు | ఆదివారం, సాయంత్రం 6:05

అమ్మగారి "పచ్చి" అన్న మాట నా నోటుబుక్కులో రాసుకున్నాను. ఇంకో ముక్క. బాంగర్ దగ్గర ఒకప్పుడు బడిపిల్లలు రాసుకునే పలకలు కూడా ఈ వేల్స్ రాయితోనే చేసేవాళ్ళు, చెక్క ఫ్రేములు బిగించే. అక్కడా ఎవరో ఒకావిడ అదే పని చేసి ఉంటుంది.

ఈసారి వస్తే మానోడ్ కొండ కూడా చూడండి, బ్లైనై పక్కనే. 1941లో లండన్ మీద బాంబులు పడుతుంటే నేషనల్ గ్యాలరీ బొమ్మలన్నీ ఆ పలకరాతి గనిలో దాచారు. గుర్రం మీద రాజు ఉన్న వాన్ డైక్ బొమ్మ మరీ పెద్దది, లారీ ఒక రైలు వంతెన కింద పట్టకపోతే వంతెన కింద రోడ్డు తవ్వి లోతు చేశారు. లోపలికి వెళ్ళనివ్వరు, దారి మాత్రం చూడొచ్చు.

బాయి బిడ్డ | ఆదివారం, రాత్రి 7:40

మా నాన్నకి మీ పోస్టు మొత్తం చదివిన అక్కా. "రాయిని కొట్టి వినుడు మేమూ చేసేటోళ్ళం, కప్పుని కర్రతో కొట్టి చూసేటోళ్ళం, డొల్లగా పలికితే అక్కడ నిలబడొద్దు" అన్నడు. డిసెంబర్‌లో వస్తున్నడు మా దగ్గరికి. వేల్స్ వాన అన్నా, చలికాలంలో ఆ టూర్ ఉంటదా?

వేల్స్ వాన | ఆదివారం, రాత్రి 8:10

రోజులు తగ్గిస్తారు తమ్ముడూ, తేదీ అనుకోగానే నాకు మెసేజ్ పెట్టు. నేనే కనుక్కుని చెప్తాను. నాన్నగారిని మా ఇంట్లో దించు, భోజనం ఇక్కడే.

లీడ్స్ కోడలు | ఆదివారం, రాత్రి 9:25

షెడ్డులో ఆయన పగలని పెంకుని అత్తయ్యగారికే ఇచ్చేశాడు. మావారు దానికి చెక్క ఫ్రేము చేస్తానని కొలతలు తీస్తున్నారు, ఆవిడ పక్కన కూర్చుని మూలలు ఎలా కలపాలో చెప్తున్నారు. బాబుకి దాని మీద అ ఆలు దిద్దిస్తారట. లీడ్స్‌లో గానీ మాంచెస్టర్‌లో గానీ బలపాలు ఎక్కడైనా దొరుకుతాయా? సుద్దముక్క వద్దంటున్నారు.

మార్కాపురం పలక | ఆదివారం, రాత్రి 9:32

నా దగ్గర ఒక డబ్బా ఉంది అక్కా, మా పాప అక్షరాభ్యాసానికి తెచ్చింది. అడ్రసు మెసేజ్‌లో పెట్టండి, రేపే పోస్టు చేస్తాను.